నీళ్ల క్యాన్ల పుస్తకం నేర్పిన జాంగో

(పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ గురించి, వెబ్ ప్రోగ్రామింగ్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల కోసం అమీర్‌పేటలో ఒక ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు అందకపోతే చెయ్యి ఎత్తండి, నేనే ముందుకొస్తాను. ఆదివారం, అన్నం తిని కాసేపు నడుం వాల్చే వేళ ఇది. అయినా ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. జాంగో వాళ్ల సొంత ట్యుటోరియల్ ఉంది కదా, పోల్స్ అని, ఓట్లు వేసే చిన్న యాప్. అది పూర్తి చేసిన వాళ్లు ఎంతమంది? చేతులు ఎత్తండి. సగం పైనే ఉన్నారు. చేతులు అలాగే ఉంచండి. అది అయ్యాక ఒక ఖాళీ ఫోల్డర్ తెరిచి, సొంతంగా ఏదైనా చేద్దామని కూర్చుని, ఏం రాయాలో తోచక మూసేసిన వాళ్లు అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించండి. చూశారా, దాదాపు ఎవరూ దించలేదు. పక్కవాళ్లను చూసుకోండి. ఇది మీ ఒక్కరి కష్టం కాదు.

ఈ రోజు నేను ఆ ఖాళీ ఫోల్డర్ గురించే మాట్లాడతాను.

నేను చదివింది బీకాం. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడే, ఆదిత్య ఎన్‌క్లేవ్ దగ్గర కరపత్రాలు చేతిలో పెట్టేవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ క్లాసుకి వెళ్లేదాన్ని. మూడు నెలలు వెళ్లాను. నోట్సు నిండా కమాండ్లు. మోడల్ అంటే ఏమిటి, వ్యూ అంటే ఏమిటి, టెంప్లేట్ అంటే ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని: డేటా ఏ గళ్లలో దాచాలో రాసేది మోడల్, పని చేసేది వ్యూ, పేజీ అచ్చు టెంప్లేట్. కానీ ఖాళీ ఫోల్డర్ ముందు కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. ఎందుకు కదల్లేదు? నాకు ఇంగ్లీషు సరిగా రాదు కాబట్టి అని చాలా రోజులు అనుకున్నాను. అది కాదు. నా దగ్గర ప్రశ్న లేదు. ట్యుటోరియల్‌లో ప్రశ్న వాళ్లదే, జవాబూ వాళ్లదే. ఆ ఓట్ల లెక్క తప్పితే ఎవరికి నష్టం? ఎవరికీ కాదు. ఎవరికీ నష్టం లేని లెక్క మనకు పట్టదు. మనసులో నిలవదు.

నాకు ప్రశ్న ఇచ్చింది మా వీధిలో నీళ్ల క్యాన్లు వేసే అన్న.

అప్పుడు నేను యూసుఫ్‌గూడలో ఉండేదాన్ని. ఆయనకు చిన్న వాటర్ ప్లాంట్ ఉంది. ఇరవై లీటర్ల క్యాన్లు, తెల్లవారుజామున ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరతాడు. ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది. ఫ్లాటుకో పేజీ. క్యాన్ వేసిన ప్రతిసారీ ఒక నిలువు గీత, ఐదోది అడ్డంగా. పక్కన ఖాళీ క్యాన్లు ఎన్ని తిరిగొచ్చాయో ఇంకో వరస. ఒకటో తారీఖు వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా షాపు మెట్ల మీద కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చునేవాడు. పొద్దున్న బిల్లు ఇస్తే ఒకాయన "మేము తొమ్మిదే తీసుకున్నాం, పన్నెండు కాదు" అంటాడు. వాన పడిన రోజు గీతలు చెరిగిపోయి ఉంటాయి. ఏం చెప్తాడు పాపం?

ఆ పుస్తకం చూసి నేను అడిగాను, అన్నా, ఇది నేను కంప్యూటర్‌లో చేసి ఇస్తాను, ఒక నెల టైమ్ ఇవ్వు అని. నెల కాదు, నాలుగు నెలలు పట్టింది. కానీ ఆ నాలుగు నెలల్లో నాకు జాంగో వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట, జాంగో ఎక్కడ పుట్టిందో తెలుసా మీకు? పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాదు. ఒక పేపరు ఆఫీసులో. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊరు. అక్కడి స్థానిక దినపత్రిక లారెన్స్ జర్నల్ వరల్డ్. 2003లో అక్కడ పనిచేసే ఏడ్రియన్ హొలొవటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు మొదలుపెట్టారు. పేపరు ఆఫీసు అంటే మీకు తెలుసు, పొద్దున్న చెప్పి సాయంత్రానికి కావాలంటారు. ప్రతిసారీ మొదటి నుంచి రాస్తూ కూర్చుంటే కుదరదు. అన్నిటికీ ఉమ్మడిగా వచ్చే పనిని పక్కకు తీసి దాచుకున్నారు. అదే 2005 జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడి పేరు పెట్టారు. ఇంగ్లీషులో ముందు డీ రాస్తారు కానీ పలకరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, జాంగోలో అడ్మిన్ అని ఒక భాగం ఉంది కదా. మోడల్ రాసి, అడ్మిన్‌లో ఒక్క లైన్ రిజిస్టర్ చేస్తే చాలు, డేటా ఎక్కించడానికి, దిద్దడానికి పేజీలు తయారుగా వచ్చేస్తాయి. అది ఎందుకుంది? డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్లకు వార్తలు ఎక్కించడానికి ఒక చోటు కావాలి కాబట్టి. అంటే జాంగో కూడా ఒక నిజమైన ఆఫీసులో, నిజమైన మనుషుల పని నుంచే వచ్చింది. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. హాస్టల్ మెస్ లెక్క ఉంది. మీ అమ్మగారి చీటీల లెక్క ఉంది. మీ పిన్ని చెప్పే ట్యూషన్ ఫీజులు ఉన్నాయి. ఎవరో ఒకరి పుస్తకం చేతిలోకి తీసుకోండి.

సరే, పుస్తకం తీసుకున్నాను. ఇప్పుడు ఏం చేయాలి? నేను చేసిన మొదటి పని, కంప్యూటర్ మూసేసి ఒక కాగితం మీద ఒకే ఒక్క రిక్వెస్ట్ నడిచే దారి గీయడం. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కిన దగ్గర నుంచి పేజీ కనబడేదాకా, ఎవరి చేతిలో నుంచి ఎవరి చేతిలోకి వెళ్తుంది? ఇది మీకు రావాలి. కమాండ్లు తర్వాత వస్తాయి. ఇది ముందు రావాలి.

మెట్రోలో వచ్చిన వాళ్లు ఎంతమంది? ఎల్బీనగర్ వైపు నుంచి ఎవరైనా? సరే. మీరు ఎల్బీనగర్‌లో ఎక్కి హైటెక్ సిటీ వెళ్లాలి. ఒకే రైలు పోదు. రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, ఇక్కడ దిగి, బ్లూ లైన్ ఎక్కుతారు. జాంగోలో యూఆర్‌ఎల్స్ ఫైళ్లు, అంటే ఏ అడ్రస్ వస్తే ఎవరికి పంపాలో రాసుకునే ఫైళ్లు, అలాంటివే. ప్రాజెక్టుకి ఒక యూఆర్‌ఎల్స్ ఫైల్ ఉంటుంది. అది అడ్రస్‌లో మొదటి ముక్క చూసి, ఇంక్లూడ్ అనే మాటతో మీ యాప్‌లోని, అంటే ప్రాజెక్టులో ఒక భాగంలోని, యూఆర్‌ఎల్స్ ఫైల్‌కి పంపుతుంది. పంపేటప్పుడు తను చదివిన ముక్క కోసేసి, మిగిలిందే ఇస్తుంది. అమీర్‌పేట దాకా ప్రయాణం అయిపోయింది, ఇక మిగిలింది హైటెక్ సిటీ దాకానే. కొత్తవాళ్లు ఎక్కడ తప్పుతారంటే, యాప్ ఫైల్‌లో మళ్లీ మొదటి ముక్క కూడా రాస్తారు. అప్పుడు అడ్రస్ దొరకదు, 404 వస్తుంది.

ఆ 404 పేజీ చూడగానే కిటికీ మూసేయకండి. సెట్టింగ్స్‌లో డీబగ్ ట్రూ, అంటే తప్పులు వివరంగా చూపించు, అని ఉన్నప్పుడు ఆ పేజీ మీకు ఒక జాబితా చూపిస్తుంది. నేను ఈ అడ్రస్‌లు ఈ వరసలో వెతికాను, ఏదీ కలవలేదు అని. పై నుంచి కిందికి, వరసగా. మొదట ఏది కలిస్తే అదే తీసుకుంటుంది, కింద ఇంకా బాగా సరిపోయేది ఉన్నా చూడదు. ఆ జాబితా చదివితే చాలు, మీ తప్పు అక్కడే కనబడుతుంది.

అడ్రస్ కలిసింది. తర్వాత వ్యూ. వ్యూ అంటే చూసేది కాదు, పని చేసేది. పేరు చూసి మోసపోకండి. వ్యూ ఒక ఫంక్షన్. రిక్వెస్ట్ చేతిలోకి వస్తుంది, మోడల్‌ని అడిగి డేటా తెచ్చుకుంటుంది, టెంప్లేట్‌లో పోసి, జవాబు వెనక్కి పంపుతుంది. చేసేది అంతే. ఇంటికెళ్లి ఒక పని చేయండి. వ్యూ మొదటి లైన్‌లో ఒక ప్రింట్ పెట్టండి. పేజీ రీఫ్రెష్ చేసి టర్మినల్ వైపు చూడండి. ఆ మాట అక్కడ పడుతుంది. నా ఫంక్షన్ ఇప్పుడు పరిగెత్తింది అని మీ కళ్లతో చూసిన రోజున భయం సగం పోతుంది. నాకు అలాగే పోయింది.

తర్వాత కావాలని చెడగొట్టండి. నిజంగానే చెప్తున్నాను. టెంప్లేట్ పేరులో ఒక అక్షరం మార్చండి. టెంప్లేట్ డజ్‌నాట్ ఎగ్జిస్ట్ అని వస్తుంది, ఏయే ఫోల్డర్లలో వెతికిందో కూడా చెప్తుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితా నుంచి మీ యాప్ పేరు తీసేయండి. వ్యూ ఇంకా మోడల్‌ని వాడని యాప్ అయితే, టెంప్లేట్ దాని ఫోల్డర్‌లోనే ఉంటే, అప్పుడు కూడా అదే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఆ యాప్ ఉన్నట్టే జాంగోకి తెలియదు కాబట్టి అందులో వెతకదు. మోడల్ రాసి, మేక్ మైగ్రేషన్స్ అనే కమాండ్ (అదేమిటో కాసేపట్లో చెప్తాను) కొట్టి, నో చేంజెస్ డిటెక్టెడ్ అని వస్తే తల పట్టుకున్న వాళ్లు ఉన్నారా? ఉన్నారు కదా. చాలాసార్లు కారణం ఇదే. యాప్ పేరు ఆ జాబితాలో చేర్చలేదు. రోగం తెచ్చుకుని చూస్తే తర్వాత లక్షణం చూడగానే పోల్చుకుంటారు.

ఎర్రర్ చదవడం గురించి ఇంకొక్క మాట. టర్మినల్‌లో ముప్పై లైన్లు ఎర్రగానో తెల్లగానో పడితే మనం మొదటి లైన్ దగ్గరే ఆగిపోతాం. కింద నుంచి చదవండి. చిట్టచివరి లైన్‌లో ఏం జరిగిందో ఉంటుంది. అక్కడి నుంచి పైకి వస్తూ, మీరు రాసిన ఫైల్ పేరు ఎక్కడ మొదట కనబడితే అక్కడ ఆగండి. పక్కనే లైన్ నంబరు ఉంటుంది. జాంగో సొంత ఫైళ్ల పేర్లు మధ్యలో బోలెడు వస్తాయి, వాటి జోలికి పోకండి. బ్రౌజర్‌లో అయితే పైన పసుపు పట్టీలో అదే మాట ఉంటుంది. ఇంగ్లీషు రాదని టెన్షన్ పడే వాళ్లకు చెప్తున్నాను, ఈ ఎర్రర్లలో తిరిగి తిరిగి వచ్చేవి పాతిక ముప్పై మాటలకు మించవు. ఒక నోటు పుస్తకంలో ఎర్రర్ మాట, దాని కారణం తెలుగులో రాసుకోండి. నేను రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మైగ్రేషన్ల దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు, అది చెప్పేసి ముందుకు పోతాను. రెండు కమాండ్లు ఎందుకు? మేక్ మైగ్రేషన్స్ ఒకటి, మైగ్రేట్ ఒకటి. ఇల్లు కట్టేటప్పుడు ప్లాను గీయడం వేరు, మేస్త్రీ వచ్చి గోడ లేపడం వేరు. మొదటిది ప్లాను గీసి ఒక ఫైల్‌లో పెడుతుంది. రెండోది ఆ ప్లాను ప్రకారం డేటాబేస్‌లో టేబుల్ కడుతుంది. ప్లాను గీసి గోడ కట్టకపోతే, నో సచ్ టేబుల్ అంటుంది. కొత్త గది కలిపి గోడ కట్టకపోతే, నో సచ్ కాలమ్ అంటుంది. చిక్కుపడ్డప్పుడు కొందరు ఏం చేస్తారు? డేటాబేస్ ఫైల్ తీసేసి, మైగ్రేషన్ ఫైళ్లు తీసేసి మళ్లీ మొదలుపెడతారు. నేర్చుకునేటప్పుడు ఫర్వాలేదు. కానీ దాంట్లో ఒకరి మూడు నెలల లెక్క ఉన్న రోజున అలా తీసేయగలరా? అందుకే మొదటి నుంచీ ఆ అలవాటు చేసుకోకండి.

ఇప్పుడు నేను చేసిన తప్పులకు వస్తాను. నేను నేర్చుకున్నది అసలు వీటి దగ్గరే.

నా మోడల్స్ రెండు. ఒకటి ఇల్లు. రెండోది డెలివరీ. డెలివరీలో ఇంటిని చూపించే ఫారిన్ కీ. ఇల్లు మోడల్‌లో క్యాన్ ధర ఒక కాలమ్, ఎందుకంటే పై అంతస్తుల వాళ్లకి లిఫ్ట్ లేకపోతే ధర వేరు. బిల్లు ఎలా వేశాను? ఈ నెల డెలివరీలు లెక్కపెట్టి, ఇంటి ధరతో గుణించాను. బాగానే ఉంది కదా? నాకూ బాగానే ఉందనిపించింది. మూడో నెలలో ఆయన ధర 30 నుంచి 35 చేశాడు. ఇల్లు మోడల్‌లో ధర మార్చాడు. మర్నాడు ఒకావిడ పోయిన నెల బిల్లు ఇంకోసారి చూపించమని అడిగింది. 12 క్యాన్లు, 360 రూపాయలు కట్టింది ఆవిడ. ఇప్పుడు పేజీలో 420 అని వచ్చింది. పాత నెలలన్నీ కొత్త ధరతో మారిపోయాయి! అన్నకి మాట పడింది, నా వల్ల.

తప్పు ఎక్కడుంది? జాంగోలో లేదు. నేను జరిగిపోయిన విషయాన్ని రాసిపెట్టకుండా, ఇప్పటి ధర నుంచి లెక్కగట్టాను. ఆయన పాత నోటు పుస్తకంలో ఏ నెల పేజీలో ఆ నెల ధర రాసి ఉంది! పుస్తకం నాకంటే సరిగా ఉంది. అప్పుడు డెలివరీ మోడల్‌లో ఆ రోజు ధర అని ఒక కాలమ్ కలిపాను. అది కూడా డెసిమల్ ఫీల్డ్‌తో. డబ్బుకి ఫ్లోట్, అంటే చుక్క ఉన్న అంకెల్ని ఉజ్జాయింపుగా దాచేది, వాడకండి. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 అని చెప్తుంది. డబ్బు దగ్గర అలాంటిది వద్దు.

రెండోది ఇంకా పెద్దది. ఫారిన్ కీ రాసేటప్పుడు ఆన్ డిలీట్ అని ఒకటి, అంటే అది చూపించేది తీసేస్తే ఏం చేయాలో, తప్పకుండా చెప్పాలి. జాంగో 2.0 నుంచి అది తప్పనిసరి. ట్యుటోరియల్‌లో కాస్కేడ్ అని ఉంది, నేనూ అదే రాశాను. దాని అర్థం ఏమిటని ఆలోచించలేదు. మీలో ఎంతమంది ఆలోచించారు? కాస్కేడ్ అంటే, ఇల్లు తీసేస్తే ఆ ఇంటికి సంబంధించిన డెలివరీలు కూడా అన్నీ పోతాయి. ఒక కుటుంబం ఫ్లాటు ఖాళీ చేసి వెళ్లిపోయింది. అన్న అడ్మిన్‌లోకి వెళ్లి ఆ ఇంటిని తీసేశాడు. వీటితో పాటు ఇవి కూడా పోతాయి, సరేనా అని జాంగో ఒక పేజీ చూపించి అడుగుతుంది. అది ఇంగ్లీషులో ఉంది. ఆయన సరే నొక్కాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "మేడం, ఖాళీ చేసి పోయినాయన నాకు 840 రూపాయలు బాకీ ఉండె. గది ఇప్పుడు ఏడ చూడాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్కడా లేదు అది. ఆయన అప్పటికి నోటు పుస్తకం రాయడం మానలేదు కాబట్టి బతికిపోయాం, అందులో చూసి మళ్లీ ఎక్కించాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి పొద్దున్నే నాలుగో అంతస్తు దాకా భుజం మీద మోసిన క్యాన్ల డబ్బు అది. ఇరవై ఎనిమిది క్యాన్లు. నేను అర్థం చేసుకోకుండా చూసి రాసిన ఒక్క మాటతో పోయింది.

మర్నాడు కాస్కేడ్ తీసేసి ప్రొటెక్ట్ పెట్టాను. ప్రొటెక్ట్ ఉంటే, డెలివరీలు ఉన్న ఇంటిని తీసేయనివ్వదు. ఇంటికి ఒక బూలియన్ ఫీల్డ్ కలిపాను, ప్రస్తుతం ఉన్నారా లేదా అని. ఖాళీ చేస్తే టిక్ తీసేస్తాడు. లెక్క అలాగే ఉంటుంది. రోజూ రాత్రి డేటాబేస్ ఫైల్ ఇంకో చోటికి కాపీ చేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. అడ్మిన్ నుంచి కూడా ఆయన్ను తప్పించాను. ఆయనకు కావాల్సింది రెండే పేజీలు, క్యాన్ వేశాను అని నొక్కేది, బిల్లు చూసేది. అవి తెలుగులో, పెద్ద అక్షరాలతో చేసిచ్చాను. అడ్మిన్ నాలాంటి వాళ్ల కోసం. వాడేవాళ్ల కోసం కాదు.

ఆ పేజీలో ఫామ్ పెట్టేటప్పుడు 403 వచ్చింది, సీఎస్ఆర్ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని. అందరికీ వచ్చే ఉంటుంది. టిఫిన్ సెంటర్లో కౌంటర్ దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటాం, దోసెలు పోసేవాడు ఆ టోకెన్ చూసే ప్లేటు ఇస్తాడు. బయట ఎక్కడో ప్రింటు చేసుకున్న చీటీ తెస్తే ఇవ్వడు. ఇదీ అంతే. ఫామ్‌లో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ అనే ట్యాగు పెడితే, ఈ ఫామ్ నా పేజీ నుంచే వచ్చింది అని జాంగో గుర్తుపడుతుంది. దాన్ని ఆపేసే దారులు ఎవరైనా చెప్తే వినకండి. ఆ ఒక్క ట్యాగు పెట్టండి.

మూడోది టైము. ఇది వినండి, మన దేశంలో అందరికీ పనికొస్తుంది. ఒక నెల ఒకటో తారీఖున అన్న పొద్దున ఐదు గంటలకు క్యాన్లు వేశాడు, ఫోన్‌లో నొక్కాడు. అవన్నీ పోయిన నెల బిల్లులో కనబడ్డాయి. రోజూ అంతే, తెల్లవారుజామున వేసినవన్నీ ముందు రోజు తేదీలో పడుతున్నాయి. నేను చూడలేదు. ఎందుకు పడుతున్నాయో చెప్పగలరా ఎవరైనా?

కరెక్ట్, ఆ కిటికీ దగ్గర చెల్లి చెప్పింది. యూటీసీ. కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ఉమ్మడి గడియారం, అని ఉంటుంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు పొద్దున 5 గంటలైతే దానికి ముందు రోజు రాత్రి 11.30. తొమ్మిదింటికి లేచి టెస్ట్ చేసుకునే నాకు ఆ తేడా ఎలా కనబడుతుంది? తేదీ మారదు కదా. ఐదింటికి పని చేసే మనిషికే కనబడింది. ఆ లైన్‌లో ఏషియా, స్లాష్, కోల్‌కతా అని మార్చాను. డేటా ఒక్కటి కూడా ముట్టుకోలేదు. లోపల యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మన టైముకి మార్చి చూపిస్తుంది కాబట్టి, పాత లెక్కలు కూడా వాటి వాటి తేదీల్లోకి వచ్చి కూర్చున్నాయి. జాంగో మీద నాకు నిజంగా గౌరవం కలిగిన రోజు అది. ఇంకొకటి, జాంగో లోపలి ఫైల్ ఒకటి ఉంటుంది, గ్లోబల్ సెట్టింగ్స్ అని. అందులో టైమ్ జోన్ అమెరికా, స్లాష్, షికాగో అని ఉంటుంది. కాన్సస్ పేపరు ఆఫీసు గడియారం అది! ఇప్పటికీ అలాగే ఉంది. వీలైతే తెరిచి చూడండి.

తెలుగు గురించి అడుగుతారని తెలుసు. తెలుగు బాగా పనిచేస్తుంది, యూనికోడ్ కాబట్టి పేర్లు, ఊర్లు అన్నీ తెలుగులో దాచుకోవచ్చు. కానీ ఒక చోట జాగ్రత్త. అపార్ట్‌మెంట్ పేరుకి నేను మ్యాక్స్ లెంత్, అంటే ఎక్కువలో ఎక్కువ పొడవు, 20 పెట్టాను. "శ్రీ లక్ష్మీనరసింహ రెసిడెన్సీ" అని ఎక్కిస్తే తీసుకోలేదు. లెక్కపెట్టండి, ఎన్ని అక్షరాలు? శ్రీ ఒకటి, ల, క్ష్మీ, న, ర, సిం, హ, అక్కడికి ఏడు. రె, సి, డె, న్సీ. మొత్తం పదకొండు. మరి ఎందుకు తీసుకోలేదు? పైథాన్ మనలాగా లెక్కపెట్టదు. శ్రీ అంటే దానికి నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. క్ష్మీ అంటే ఆరు. ఆ పేరు మొత్తం ఖాళీలతో కలిపి దాని లెక్కలో 29. కాబట్టి తెలుగు పేర్లకు మనం అనుకున్న దానికి మూడింతలు పెట్టండి. ఇంగ్లీషు ట్యుటోరియల్‌లో ఇది ఎవరూ చెప్పరు, వాళ్లకు అవసరం రాదు. మనకు మనమే చెప్పుకోవాలి.

ఇంకో విషయం త్వరగా చెప్తాను, వెర్షన్. నెట్‌లో దొరికిన కోడ్ పెడితే, యూఆర్‌ఎల్ అనేది ఇంపోర్ట్ కావట్లేదని ఎర్రర్ వస్తుంది. అది పాత కోడ్. 2017 చివర్లో 2.0 వచ్చినప్పుడు అడ్రస్‌లు రాయడానికి పాత్ అనే సులువైన పద్ధతి వచ్చింది, 4.0లో పాతది తీసేశారు. చాట్ టూల్స్‌ని అడిగినా ఒక్కోసారి ఆ పాత కోడే ఇస్తాయి. ముందు మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో చూసుకోండి, డాక్యుమెంటేషన్ పేజీలో కింది మూల అదే వెర్షన్ ఎంచుకోండి. నేర్చుకోవడానికి ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం దిద్దుబాట్లు అందే వెర్షన్, తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 అలాంటిదే. అలాంటి వాటికి మూడేళ్లు సెక్యూరిటీ దిద్దుబాట్లు వస్తాయి. టూల్స్ ఇచ్చే కోడ్ వాడొద్దని అనను. నేనూ వాడతాను. కానీ కాస్కేడ్ సంగతి చెప్పాను కదా. ఎవరు రాసిచ్చినా, ఆ మాట అర్థం మీకు తెలియాలి. 840 రూపాయలు ఎక్కడున్నాయని ఫోన్ వచ్చేది మీకే.

ఇందాక మెట్ల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, అక్కా, ఫ్లాస్క్ నేర్చుకోవాలా, ఫాస్ట్ ఏపీఐ నేర్చుకోవాలా, జాంగో నేర్చుకోవాలా, ఉద్యోగాలు దేంట్లో ఎక్కువ అని. ఎక్కడున్నావు తమ్ముడూ? ఆ, సరే. ఫ్లాస్క్ చిన్నది. డేటాబేస్, అడ్మిన్, లాగిన్, ఇవేవీ దానితో రావు, ఏది కావాలో నువ్వే తెచ్చి కలుపుకోవాలి. ఫాస్ట్ ఏపీఐ 2018లో వచ్చింది, మొబైల్ యాప్‌కో, ఇంకో ప్రోగ్రాముకో డేటా అందించే పనికి చాలా బాగుంటుంది. జాంగోలో అన్నీ ఒకే చోట ఉంటాయి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నేను జాంగోనే చెప్తాను. లాగిన్ ఎలా ఉండాలి, పాస్‌వర్డ్ ఎలా దాచాలి అనేవి అనుభవం ఉన్నవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు, నువ్వు చూసి నేర్చుకోవచ్చు. ఉద్యోగం గురించి నేను మాట ఇవ్వలేను. నా సంగతి చెప్తాను. నా మొదటి ఇంటర్వ్యూలో కోర్సు సర్టిఫికెట్ గురించి అడగలేదు. క్యాన్ల యాప్ గురించి నలభై నిమిషాలు అడిగారు. కాస్కేడ్ సంగతి, టైము సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

సర్వర్ మీద పెట్టేటప్పటి సంగతులు వచ్చే ఆదివారం. ఈలోపు తొందరపడి ఎవరైనా పెడితే మూడు గుర్తుంచుకోండి. డీబగ్ ఫాల్స్ చేయండి, లేకపోతే మీ లోపలి వివరాలన్నీ ఎర్రర్ పేజీలో ఊరందరికీ కనబడతాయి. సెట్టింగ్స్‌లో ఉండే సీక్రెట్ కీని, అంటే మీ సైట్ రహస్య తాళంచెవిని, గిట్‌హబ్ లాంటి కోడ్ పంచుకునే చోట పెట్టకండి. డీబగ్ ఫాల్స్ చేయగానే పేజీల రంగులన్నీ పోతాయి, భయపడకండి, స్టాటిక్ ఫైళ్ల, అంటే పేజీల రంగులు, బొమ్మల ఫైళ్ల, ఏర్పాటు వేరే చేయాలి. అది నేను చేసి చూపిస్తాను.

సరే, లాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు తెరవండి. లేనివాళ్లు పక్కవాళ్లతో జత కూడండి, ఇద్దరికి ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఇంకా ఇన్‌స్టాల్ ఏదీ చేయకండి. ముందు కాగితం తీయండి. మీకు తెలిసిన ఒక మనిషి పేరు రాయండి, లెక్క రాసుకునే మనిషి. ఆ మనిషి పుస్తకంలో ఏయే గళ్లు ఉంటాయో పేరు కింద గీయండి. ఆ గళ్లే మీ మొదటి మోడల్. పది నిమిషాలు తీసుకోండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.